చివరి ఆయకట్టు నుంచి రాయమ్మా

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నదుల లెక్కన పాలన హద్దులు గీయాలన్న నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, ఆ మాట అక్కడికి వదిలేద్దాం. మూడో పేజీలో "నదికి సరిహద్దులు తెలియవు, నదినే హద్దులు గీయనిద్దాం" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు మడిచి లేచి వెళ్లిపోయాను. సాయంత్రం దాకా మళ్లీ ముట్టుకోలేదు. నదికి తెలియకపోవచ్చు తల్లీ, కాలువ మీద షట్టరు తిప్పే లస్కరుకు బాగా తెలుసు.

జిల్లాలు, రాష్ట్రాలు పక్కనపెట్టి నదీ పరీవాహక ప్రాంతాల లెక్కన, అంటే ఏ నేల మీది వాన ఏ నదిలో చేరుతుందో ఆ లెక్కన, పాలన సాగాలన్న ఆలోచన నాకు కొత్తది కాదు, నచ్చనిదీ కాదు. అమెరికాలో పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1890లోనే పడమటి మెట్ట నేలలను ఏరుల లెక్కన విడదీసి పటం గీశాడు. చట్టసభ పట్టించుకోలేదు. న్యూజిలాండ్ 1989లో ప్రాంతీయ మండళ్ల హద్దులను చాలావరకు పరీవాహకాల ప్రకారమే పెట్టుకుంది. ఇవన్నీ నువ్వూ రాశావు. అన్ని దేశాలూ తిరిగొచ్చావు కానీ నువ్వు పుట్టిన అనంతపురం మీదుగా మాత్రం రాలేదు.

నీ పటమే ముందు పెట్టుకుందాం. కృష్ణా పరీవాహకానికి ఒక రంగు, పెన్నాకు ఇంకో రంగు. అనంతపురంలో ఎక్కువ భాగం పెన్నా రంగులో పడింది. మరి హెచ్చెల్సీలో, అదే తుంగభద్ర ఎగువ కాలువలో, పారే నీళ్లు ఎవరివి? హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం నుంచి బయలుదేరుతాయి. తుంగభద్ర కృష్ణకు ఉపనది. ఆ నీళ్లు పరీవాహకం దాటి వచ్చి పెన్నా మీది మిడ్ పెన్నార్ జలాశయంలో పడతాయి. నీ లెక్కన అవి పొరుగు దేశం నుంచి దొంగచాటుగా వచ్చిన నీళ్లు. కృష్ణా నీళ్ల పంపకం తేల్చడానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ముందు పెద్ద తగాదాల్లో ఇదొకటి. పరీవాహకం బయటికి నీళ్లు మళ్లించడం తప్పు కాదని తేల్చింది. అయినా తగాదా తెగలేదు. ఈనాటికీ కృష్ణా జలాల వాదనలో ఒక తెలుగు రాష్ట్రం పరీవాహకం లోపలి పొలాలకే ముందు అంటుంది, ఇంకొకటి బయట ఎండే నేలల మాటేమిటంటుంది. ప్రకృతి పక్షాన మాట్లాడుతున్నానని నువ్వు అనుకుంటున్నావు, నిజానికి ఒక వకీలు పక్కన నిలబడ్డావు. తెలిసి నిలబడితే నాకేమీ అభ్యంతరం లేదు.

నేను చెప్పేది ఒక్కటే. ప్రాంతాన్ని కాలువ చివరన నిలబడి చూడాలి. మావి చివరి భూములు. నీటి వంతు వచ్చిన రాత్రి మా నాన్న లాంతరు పట్టుకుని గట్టు వెంట పైకి నడిచేవాడు, వెనక నేను. పై తూము దగ్గర గోనెసంచిలో మట్టి కూరి మా కాలువకు అడ్డం వేసి ఉండేది. నాన్న నడుము లోతు నీళ్లలో దిగి సంచి లాగేవాడు. మేము పొలం చేరేలోపే అక్కడ ఇంకో సంచి పడేది. వేసినవాడు పరాయివాడు కాదు, మాకు పిల్లనిచ్చిన ఇంటివాడే. అతనిదీ మా భాషే, మా నీళ్లే. సహజ ప్రాంతాల్లో మనుషులు అన్నదమ్ముల్లా ఉంటారని నువ్వు రాసిన పేరా చదువుతుంటే ఆ గోనెసంచే కళ్ల ముందు ఆడింది.

దాని మీద కథ రాసి పంపితే ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. "ఇందులో ఇరిగేషన్ శాఖ ఎక్కువ, కథ తక్కువ" అని చీటీ. అదే పెద్దమనిషి తరువాత కరువు ప్రత్యేక సంచిక వేస్తూ, యాస దండిగా ఉన్న ఆకలి కథ ఒకటి కావాలని కార్డు రాశాడు. నేను జవాబివ్వలేదు. వీళ్లకు ప్రాంతమంటే అంతే, యాస, ఆకలి, జిల్లాకో సంకలనం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నా మిత్రుడొకడు కుర్చీలోంచి కదలకుండానే రెండు జిల్లాల రచయిత అయిపోయాడు.

నువ్వు కలగా రాసినది మన దగ్గర ఒకసారి చట్టంగా వచ్చింది. సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన చట్టం చదువు. నీటి సంఘం హద్దు రెవెన్యూ గ్రామాన్ని బట్టి కాక నీళ్లు పారే దారిని బట్టి ఉండాలన్నారు. సంఘం లోపల మళ్లీ చిన్న నియోజకవర్గాలు, చివరి రైతుకూ ఒక ప్రతినిధి దొరికేలా. 10 వేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. తరువాత పార్టీలు వచ్చాయి, కాంట్రాక్టులు వచ్చాయి. ఒక్క నీటి సంఘం ఎన్నిక చాలు, నవలకు సరిపడా మనుషులు దొరుకుతారు.

గీత ఎక్కడ గీసినా నది చిక్కు తెస్తుందన్నావు, అది ఒప్పుకుంటాను. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు పంచారు. డ్యాం అటు, పొలాలు రెండు వైపులా. అందుకే రెండు వైపులకూ నీళ్లు పంచే తుంగభద్ర బోర్డు అవసరమైంది. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కర్ణాటకలోని సింధనూరు రైతుకూ ఆదోని రైతుకూ ఒకేసారి నిద్ర పట్టలేదు. పారే నీళ్లలోనే గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు దగ్గరుండి గేటు స్థానంలో అడ్డుగా స్టాప్‌లాగ్ పలకలు దింపిస్తుంటే కన్నడంలోనూ తెలుగులోనూ దండాలు పెట్టారు. నువ్వు వెతికే ప్రాంతం ఆ వారం రోజులు కళ్లకు కట్టింది. దాన్ని ఎందుకు వదిలేశావు?

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరిని అడగాలి అని రాశావు. నేను ముందుమాటలు మానేశాను.

పటం తిప్పి పంపుతున్నాను. మీ పొలాలకు ఏ డిస్ట్రిబ్యూటరీ, అదే ఏ పిల్లకాలువ, నీళ్లు వస్తాయో, పోయిన పంటకు చివరిదాకా అందాయో లేదో మీ లస్కరును అడిగి రాయి. ఆ పోస్టు ఖాళీగా ఉందంటే, ఎప్పటి నుంచి ఖాళీయో, అప్పటి నుంచి షట్టరు ఎవరు తిప్పుతున్నారో అది రాయి.