జపాన్ టీవీలోని ఆ పాప ఎందుకు మారిపోతుంది?

ప్రశ్న: మనవరాలితో కలిసి జపాన్ పసిపిల్లల కార్యక్రమం 'ఇనాయ్ ఇనాయ్ బా!' చూస్తుంటాను. వాన్‌వాన్ అనే పెద్ద కుక్క పక్కన ఆడిపాడే పాప నిజంగా చాలా చిన్నది. అంత పసిదాని చేత పని చేయించడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుందా? ఆమె సంపాదన ఎవరికి చేరుతుంది? కొన్నేళ్లకు మరో పాప ఎందుకు వస్తుంది? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగిన కార్యక్రమాన్ని జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1996 నుంచి రెండేళ్ల లోపు పిల్లల కోసం ప్రసారం చేస్తోంది. జపాన్‌లో బాలనటులను 'కోయాకు' అంటారు.

1947 నాటి కార్మిక ప్రమాణాల చట్టం ప్రకారం, 15 ఏళ్లు నిండాక వచ్చే మార్చి 31 దాటే వరకు, అంటే ఆ విద్యా సంవత్సరం ముగిసే వరకు, పిల్లలను పనిలో పెట్టుకోకూడదు. చిత్ర నిర్మాణానికీ నాటకాలకీ మాత్రం 13 ఏళ్ల లోపు వారిని సైతం, కార్మిక తనిఖీ కార్యాలయం అనుమతితో, బడి వేళలు కాని సమయంలో తీసుకోవచ్చు. అందుకు చదువుకు ఆటంకం లేదని బడి పెద్ద ఇచ్చిన ధ్రువపత్రమూ, తల్లిదండ్రుల లిఖిత సమ్మతీ ఉండాలి. బడిలో గడిపిన గంటలను కూడా కలుపుకొని రోజుకు 7 గంటలు, వారానికి 40 గంటలు మించకూడదన్న నిబంధన నాకు ఎంతో నచ్చింది. చదువు కూడా బిడ్డకు శ్రమేనని ఆ చట్టం గుర్తించింది. రాత్రి 8 నుంచి ఉదయం 5 వరకు పని నిషిద్ధం, రంగస్థలంపై నటించే పిల్లలకు మాత్రం 9 వరకు వెసులుబాటు ఉంది.

ఇక సంపాదన సంగతి. వేతనాన్ని స్వయంగా కోరే హక్కు మైనరుకు ఉందనీ, తల్లిదండ్రులు గానీ సంరక్షకులు గానీ బిడ్డ బదులు దాన్ని పుచ్చుకోకూడదనీ అదే చట్టం స్పష్టంగా చెబుతోంది.

అయితే ఈ రక్షణలన్నీ ఆ బిడ్డను 'కార్మికురాలు'గా లెక్కించినప్పుడే వర్తిస్తాయి, నన్ను కలవరపెట్టేది ఇదే. 1988లో కార్మిక శాఖ జారీ చేసిన ఒక వివరణ ప్రకారం, కళాకారుల స్థానంలో వేరొకరిని పెట్టలేనంత ప్రత్యేకత, ప్రజాదరణ వారికి ఉండి, ప్రతిఫలం గంటల లెక్కన కాకుండా, ఒప్పందం ఉద్యోగ ఒప్పందం కాకుండా ఉంటే, వారు కార్మికుల కిందికి రారు. పేరు పెరిగేకొద్దీ రాత్రి వేళల నిషేధం వంటి రక్షణలు దూరమయ్యే అవకాశం ఉందన్నమాట. ఎక్కువ పని ఒత్తిడి ఉండేది కూడా అలాంటి పిల్లలకే కాబట్టి, ఇది నాకు న్యాయంగా తోచదు.

పాప మారడానికి నాకు తోచే కారణం వయసే. తెర ముందు కూర్చునే పసివాళ్లు ఎప్పుడూ ఒకే ఈడు వారు, తెరపై అక్క మాత్రం ఏటికేడు ఎదుగుతుంది. ఎన్‌హెచ్‌కే 2009లో మొదలుపెట్టిన మరో పిల్లల కార్యక్రమం 'మీత్సుకెతా!'లోనైతే బాలిక మారినా పాత్ర పేరు 'సుయ్‌చాన్' అలాగే ఉంటుంది; 'ఇనాయ్ ఇనాయ్ బా!'లో ప్రతి పాపకూ తన పేరే ఉంటుంది. వెళ్లిపోవడాన్ని అక్కడ 'సొత్సుగ్యో' అంటారు, అంటే చదువు పూర్తి చేసుకుని బడి విడిచి వెళ్లడం. మీ మనవరాలు అడిగితే ఆ మాటే చెప్పండి, వాన్‌వాన్ మాత్రం అక్కడే ఉన్నాడు కదా అని చూపించండి.