మేనేజర్ విమర్శ గురించి ఇంటర్వ్యూలో అడగ్గానే గుండె దడ, మైండ్ బ్లాంక్... మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని. పాత ఆఫీసులో మేనేజర్ చిన్న తప్పుకి కూడా అందరి ముందూ నిలబెట్టి మాట్లాడేవారు, తట్టుకోలేక మానేసి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఇంటర్వ్యూలకి వెళ్తున్నా. మిగతా ప్రశ్నలకి బాగానే చెప్తున్నా కానీ "మీ మేనేజర్ మీ పనిని విమర్శిస్తే ఎలా తీసుకుంటారు" అని అడిగారంటే చాలు గుండె దడదడలాడుతుంది, చేతులకి చెమటలు, నోరు ఎండిపోతుంది, ఏం చెప్పాలో ఒక్క ముక్క గుర్తుకు రాదు. ముందు రోజు రాత్రి నిద్ర కూడా ఉండట్లేదు. ఇది గుండె జబ్బా? ఇంటర్వ్యూకి ముందు ఏదో మాత్ర వేసుకుంటే దడ రాదని ఫ్రెండ్ చెప్తోంది, వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు గుండె సంగతి చెప్తాను, ఎందుకంటే ఆ భయం ఉన్నంతసేపూ మిగతాది తలకెక్కదు. మెట్లు ఎక్కినా, గబగబా నడిచినా రాని దడ ఒక్క ప్రశ్న వినగానే వచ్చి కాసేపటికి తగ్గిపోతోందంటే అది గుండె జబ్బు అయ్యే అవకాశం తక్కువ. అయినా ఒకసారి ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తహీనత ఉందేమో చూడ్డానికి హిమోగ్లోబిన్ చేయించుకోండి, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా రక్తం తక్కువున్నా కూడా దడ వస్తుంది, అదేదో ఉంటే దాని వైద్యం వేరు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండె కొట్టుకోవడం తేడాగా అనిపించడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక మీకు జరుగుతున్నది. మనిషికి స్ట్రెస్ వస్తే ఒంట్లో ఏం జరుగుతుందో ల్యాబ్‌లో చూడాలనుకునేవాళ్లు ఎక్కువగా వాడే పరీక్ష ఒకటుంది, 1993లో జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. అందులో ఏం చేయిస్తారో తెలుసా, ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ! ముఖంలో ఏ భావమూ చూపించని ప్యానెల్ ముందు ఐదు నిమిషాలు తన గురించి చెప్పుకోవాలి, ఆ తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పాలి, తప్పు వస్తే మళ్లీ మొదటి నుంచి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే గుండె వేగం పెరుగుతుంది, లాలాజలంలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ పెరుగుతుంది. 2004లో ఇలాంటి 208 అధ్యయనాలు కలిపి చూస్తే, నలుగురూ మనల్ని జడ్జ్ చేస్తున్నారు, పరిస్థితి మన చేతిలో లేదు అనే రెండూ కలిసినప్పుడు కార్టిసాల్ బాగా ఎక్కువగా పెరుగుతుందని తేలింది. పాత ఆఫీసులో మీకు రోజూ జరిగింది సరిగ్గా అదే కదా. అందుకే మీరు పిరికివాళ్లనీ ఉద్యోగానికి పనికిరారనీ దయచేసి అనుకోకండి. ఆ ప్రశ్న వినగానే మీ ఒళ్లు పాత మీటింగ్ గదిలోకి వెళ్లిపోతోంది, అడ్రినలిన్ వచ్చి గుండెని పరుగెత్తిస్తోంది, అదే సమయంలో తెలిసిన విషయాన్ని గుర్తుచేసుకునే శక్తి తగ్గుతుంది. బ్లాంక్ అయ్యేది అందుకే, జవాబు తెలియక కాదు.

దీన్నిబట్టి నేను గట్టిగా చెప్పే మాట ఒకటి: పాత మేనేజర్ అందరి ముందూ అవమానించిన సంఘటనని ఇంటర్వ్యూలో ఉదాహరణగా వాడకండి. అది చెప్పడం మొదలుపెట్టగానే గొంతు వణుకుతుంది, వినేవాళ్లకి మాత్రం మీరు పాత ఆఫీసు మీద చాడీలు చెప్తున్నట్టు అనిపిస్తుంది. పైగా అది విమర్శ కాదు. పనిలో తప్పు చూపించడం విమర్శ, మనిషిని చిన్నబుచ్చడం వేరే. మీకు బాధ కలిగించకుండా ఎవరో ఒకరు తప్పు చూపించిన చిన్న సందర్భం వెతకండి, ఇంకో సీనియర్ కావచ్చు, కాలేజీ ప్రాజెక్ట్‌లో గైడ్ కావచ్చు, కచ్చితంగా ఉంటుంది.

అడిగేవాళ్లకి కావాల్సింది కూడా పెద్దదేం కాదు, తప్పు చూపిస్తే ఈ మనిషి ముఖం మాడ్చుకుంటుందా, వాదనకి దిగుతుందా, విని సరిచేసుకుంటుందా అని చూస్తారు అంతే. "నేను పాజిటివ్‌గా తీసుకుంటానండి" అని ఆపేస్తే వాళ్లకి ఏమీ తెలియదు, "నాకెప్పుడూ అలాంటిది రాలేదు" అంటే అస్సలు నమ్మరు. అదే ఇలా చెప్పారనుకోండి: "నేను పంపే నెలాఖరు రిపోర్ట్‌లో అంకెలు సరిగ్గానే ఉన్నాయి కానీ చదివేవాళ్లకి ఏం అర్థం కావట్లేదని మా సీనియర్ అన్నారు. మొదట కొంచెం కష్టంగా అనిపించింది. ఎక్కడ అర్థం కావట్లేదో చూపించమని అడిగాను, మొదటి పేజీ చూపించారు. తర్వాతి నెల నుంచి ముఖ్యమైన తేడాలు నాలుగు లైన్లలో పైనే రాయడం మొదలుపెట్టాను, ఫోన్ చేసి అడిగే సందేహాలు తగ్గాయి." ముప్పై నలభై సెకన్ల మాట ఇది. ఇందులో "కష్టంగా అనిపించింది" అన్నది తీసేయొద్దు, అది ఉంటేనే మాట నిజంగా వినిపిస్తుంది. విమర్శ తప్పైతే ఏం చేస్తారు అని వెంటనే ఇంకో ప్రశ్న వేస్తారు చాలామంది, దానికి కూడా రెడీగా ఉండండి: ముందు పూర్తిగా వింటాను, నా దగ్గరున్న లెక్కలు సరిచూసుకుంటాను, తేడా ఉంటే విడిగా కలిసి ఆధారాలు చూపిస్తాను అని.

కానీ నా మాటల్నో ఇంకెవరి మాటల్నో బట్టీ పట్టకండి. బట్టీ పట్టిన పద్యంలో ఒక్క పదం జారితే మొత్తం ఆగిపోయినట్టే అవుతుంది, అసలే ఆ టైమ్‌లో జ్ఞాపకశక్తి సగం పనిచేస్తుంటుంది. ఏమన్నారు, నేనేం చేశాను, ఏం మారింది, ఈ మూడు గుర్తుంటే చాలు, ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పండి. మనసులో అనుకోవడం కాదు, నోరు తెరిచి గట్టిగా చెప్పాలి. మొదట ఒక్కరే ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ, తర్వాత ఇంట్లోవాళ్ల ముందు, ఆ తర్వాత మీ ఫ్రెండ్‌ని నవ్వకుండా తలూపకుండా కూర్చోబెట్టి ఆ ప్రశ్న వేయమనండి. దడ వస్తుంది, రానివ్వండి. మధ్యలో లేచిపోకుండా చెప్పడం పూర్తిచేస్తే ఆ ప్రశ్నకి ప్రమాదం లేదని మెదడు నేర్చుకుంటుంది, మళ్లీ మళ్లీ చేసేకొద్దీ దడ తగ్గుతూ వస్తుంది. భయాలకి మేం చేసే థెరపీలో సగం ఇదే.

అక్కడ కూర్చున్నప్పుడు దడ మొదలైతే "ఒక్క క్షణం ఆలోచించి చెప్తానండి" అనండి, ఎవరూ తప్పుగా అనుకోరు. ఆ గ్యాప్‌లో ఒక గుక్క నీళ్లు తాగి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చి ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి, ఊపిరి వదిలే టైమ్‌లో గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. "కామ్‌గా ఉండు, కామ్‌గా ఉండు" అని మీకు మీరు చెప్పుకోవడం కంటే "ఉత్సాహంగా ఉంది" అని చెప్పుకున్నవాళ్లు బాగా మాట్లాడారని 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రయోగాల్లో తేలింది, వినడానికి వింతగా ఉన్నా ప్రయత్నించి చూడండి. కాఫీ అలవాటుంటే ముందు రోజు మధ్యాహ్నం తర్వాత వద్దు, అందులో సగం కెఫీన్ ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున కూడా మానేస్తే లేదా తగ్గిస్తే మంచిది.

మాత్ర పేరు మీరు రాయలేదు. బహుశా ప్రొప్రనలాల్ అయ్యుంటుంది, వేదికెక్కే ముందు వణుకు తగ్గడానికి కొందరికి మేం రాస్తాం. అది దడని, చేతుల వణుకుని తగ్గిస్తుంది కానీ మనసులో ఆలోచనల్ని ఆపదు. ఆస్తమా ఉన్నవాళ్లు వేసుకోకూడదు, బీపీ లేదా నాడి తక్కువున్నవాళ్లకి ప్రమాదం, ఇన్సులిన్ తీసుకునేవాళ్లలో షుగర్ పడిపోతున్న సంగతే తెలియనివ్వదు. అందుకే ఫ్రెండ్ దగ్గర తీసుకుని మింగేయకండి, డాక్టర్ చూసి సరేనంటేనే, అది కూడా ముందు ఇంట్లో ఖాళీగా ఉన్న రోజు వేసి చూసుకున్నాకే. ఒకవేళ ఫ్రెండ్ చెప్పింది ఆల్‌ప్రజోలామ్ లాంటి, ఆందోళన తగ్గించే మత్తు మాత్ర అయితే మాత్రం వద్దే వద్దు, మగతగా ఉంటుంది, జ్ఞాపకశక్తి ఇంకా మందగిస్తుంది, అలవాటైపోతుంది కూడా.

ఇంటర్వ్యూ అయిపోయాక రాత్రంతా "అలా అనుండాల్సింది కాదు" అని తిప్పి తిప్పి ఆలోచిస్తుంటారని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది. ఇంటికి రాగానే ఏ ప్రశ్న వేశారు, ఏం చెప్పాను, ఈసారి ఏం మారుస్తాను అని ఒక కాగితం మీద రాసేసి పక్కన పెట్టేయండి.

నెల, నెలన్నర ఇలా చేసినా తేడా లేకపోతే, ఇంటర్వ్యూ కాల్స్ వచ్చినా వెళ్లకుండా ఎగ్గొట్టడం మొదలైతే, నలుగురిలో మాట్లాడాలన్నా తినాలన్నా భయమేసి ఆరు నెలలకి పైగా అలాగే ఉంటే సైకియాట్రిస్ట్‌నో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలవండి. సీబీటీ అనే మాటల చికిత్స ఉంది, సాధారణంగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు, దీనికి బాగా పనిచేస్తుంది. మందులు అవసరమైతే అవి పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకూడదు. పాత ఆఫీసు కలలోకి వచ్చి ఉలిక్కిపడి లేస్తున్నా, బతకాలని అనిపించకపోయినా ఇవేవీ ప్రయత్నించేదాకా ఆగొద్దు, ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్లని తోడు తీసుకుని ఈ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.