నాలుగు సెకన్ల ముందు పాడిన వేలం పాట కాదు, రద్దయిన పాట చూడండి

ప్రశ్న: మాది హైదరాబాద్, చిక్కడపల్లి. మా నాన్నగారు జీవితాంతం శాతవాహన నాణేలు సేకరించినా, వాసిష్ఠీపుత్ర పులుమావి ముఖం ఉన్న వెండి నాణెం మాత్రం ఆయనకు దొరకలేదు. ఆయన పోయాక ఒక ఆన్‌లైన్ వేలంలో అది కనిపిస్తే, నా గరిష్ఠ ధరగా 62,000 రూపాయలు పెట్టాను. గడువుకు నాలుగు సెకన్ల ముందు వరకు 21,000 దగ్గరే ఉన్న ధర, ఎవరో చివర్లో పాడటంతో ఒక్కసారిగా 62,000కు ఎగిరింది. నాణెం నాకే వచ్చింది, డబ్బు కట్టాను, కానీ ఆ రాత్రి నుంచి మోసపోయాననే బాధ పోలేదు. అంతకు రెండు రోజుల ముందు అదే ఐడీ మనిషి పొరపాటున 70,000 పాడి వెంటనే రద్దు చేసుకున్నాడు కూడా. స్క్రీన్‌షాట్లున్న ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను. నాణెం నల్లగా ఉంటే విభూతితో తోమాను. ఇదంతా జరిగి 21 నెలలైంది. చివరి సెకన్లలో పాడటంపై కేసు వేయవచ్చా? డాలస్‌లో ఉండే మా బావమరిది, వచ్చే నెల తిరిగి వెళ్లేటప్పుడు నాణేన్ని తీసుకెళ్లి అక్కడి వేలంలో అమ్మిపెడతానంటున్నాడు. ఆ దారి మేలా?

జవాబు: చివరి సెకన్లలో పాడటం నేరమూ కాదు, మోసమూ కాదు. బాలాపూర్ లడ్డూ వేలంలాంటి చోట 'ఒకటోసారి, రెండోసారి' అని పిలుస్తారు గనుక ఆఖరున పాడినవాడికి జవాబు చెప్పే వ్యవధి ఎదుటివాడికి దొరుకుతుంది. మీరు పాడిన వేలంలో, అమ్మకం ముగిసిందని చాటే సుత్తి దెబ్బకు బదులు గడియారమే ఉంది, ఆ షరతుకు ఒప్పుకొనే మీరు ఖాతా తెరిచారు. ధర ఎగరడంలోనూ వింతేమీ లేదు. మీ 62,000ను యంత్రం దాచి ఉంచి, ఎదుటి పాటకు ఒక మెట్టు పైన మాత్రమే మీ తరఫున పాడుతుంది కాబట్టి, అవతలి మనిషి 61,000 అనగానే వెయ్యి రూపాయల మెట్టు కలిపి మిమ్మల్ని 62,000 దగ్గర నిలబెట్టింది. ఆ అంకె మీరు స్వయంగా టైపు చేసినది. ఈ ఒక్క ఫిర్యాదుతో వెళితే మీ కేసు మొదటి వాయిదాలోనే వీగిపోతుంది.

మీ కేసంతా మీరు 'కూడా' అని చేర్చి దాటేసిన వాక్యంలో ఉంది. యంత్రం అతడి తరఫున కూడా మీ పాటకు ఒక మెట్టు పైనే పాడుతుంది గనుక, ఆ మనిషి 70,000 పాడగానే తెరపై ధర 63,000 అయి ఉండాలి, అంటే మీ గరిష్ఠం 62,000 అని అతడికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పాట రద్దు చేసుకున్నాడు, ధర మళ్లీ 21,000కు దిగింది. రెండు రోజుల తర్వాత వచ్చి, మీ గరిష్ఠానికి సరిగ్గా ఒక మెట్టు కింద ఆగాడు. నాణెం కావలసినవాడు ఓడిపోతానని తెలిసిన అంకె దగ్గర ఎందుకు ఆగుతాడు? అయితే తొందరపడకండి. సుత్తి పడేలోగా ఎవరైనా తన పాటను వెనక్కి తీసుకోవచ్చని వస్తు విక్రయ చట్టం, 1930లోని 64వ సెక్షనే చెబుతోంది కనుక ఆ రద్దు కూడా దానంతటదే తప్పు కాదు. మిమ్మల్ని ఖర్చు పెట్టించాలన్న అక్కసుతో ఎవరో బయటివాడు ఆడిన ఆట అయితే, అమ్మకందారుపై మీకు కేసు లేదు. కానీ ఆ ఐడీ అమ్మకందారుదో, అతడు నియమించిన మనిషిదో అయితే కథ మారుతుంది. తానూ పాడతానని ముందుగా ప్రకటించకుండా అమ్మేవాడు పాడినా, పాడించినా ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చు, ధర పెంచడానికి దొంగ పాట పాడితే దాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవారిది. ఇదీ అదే 64వ సెక్షన్‌లో ఉన్నదే.

ఆ సంబంధాన్ని రుజువు చేయడానికి మీ దగ్గర ఏముంది? ఫోన్ ఇచ్చేశానని ఒక్క ముక్కలో రాశారు. మోసం జరిగిందని నమ్మిన మనిషి, మోసానికి ఏకైక సాక్ష్యాన్ని రెండు మూడు వేల తగ్గింపు కోసం దుకాణంలో వదిలిపెట్టి రావడాన్ని ఏమనాలో నాకు తెలియదు. అదృష్టవశాత్తు ఒక దారి మిగిలింది. మీ పాటను మరొకరు మించినప్పుడు ఇలాంటి వెబ్‌సైట్లు సాధారణంగా ఈమెయిల్ పంపుతాయి. ఆ రోజు మెయిల్‌ను, తర్వాత పాట రద్దయినట్లు వచ్చిన మెయిల్‌ను, ట్రాష్‌తో సహా మొత్తం వెతికి, దొరికినవాటిని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేయకుండా ఉన్నవి ఉన్నట్లే భద్రపరచండి. వాటి ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పట్టుకోకపోయినా, అవతలి వకీలు లేవనెత్తే తొలి అభ్యంతరం ఇదే అవుతుంది.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ కింద రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి, అంటే మీకు మిగిలింది మూడు నెలలే. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, బాధలో ఉండిపోయానన్నది ఆ కారణం కాదు. ఒప్పందం రద్దు కోసం సివిల్ దావాకు, మోసం మీకు తెలిసిన నాటి నుంచి మూడేళ్లుంటాయి. అది మీ చివరి ఆసరాగా ఉండనివ్వండి, మొదటిది కాదు.

మీ బావమరిది మాట మాత్రం ఈ రోజే కొట్టిపారేయండి. నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువులు, కళాసంపద చట్టం, 1972 ప్రకారం పురావస్తువు, పులుమావిది రెండో శతాబ్దం. కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప దాన్ని ఎవరూ దేశం దాటించకూడదు. చొక్కా జేబులో పెట్టుకున్నా, సామానులో చుట్టి పెట్టినా అది ఎగుమతే. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, పైన జరిమానా, నాణెం జప్తు. శంషాబాద్‌లో పట్టుబడేది మీ బావమరిదైనా, ఆయన చేతికి ఇచ్చింది మీరు. పైగా అమ్మి డబ్బు చేసుకోవాలన్న మీ రాతను అవతలివారు సంపాదిస్తే, 'ఈయన వినియోగదారు కాదు, తిరిగి అమ్మేందుకు కొన్న వ్యాపారి' అంటారు. అందుకే ఈ విషయం ఆయనతో ఫోన్లో మాట్లాడి ముగించండి, మెసేజ్‌లు వద్దు.

విభూతి విషయానికి వస్తున్నాను. కాంట్రాక్టు చట్టం, 1872లోని 64వ సెక్షన్ ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకునేవారు తాము పొందినదాన్ని తిరిగి ఇవ్వాలి. వందల ఏళ్లుగా వెండిపై పట్టిన ముదురు పొరను మీరు గీకేశారు, అమ్మకందారు 'నేనిచ్చిన నాణెం ఇది కాదు' అంటాడు. కాబట్టి నాణెం వాపసుపై పట్టుబట్టకుండా, దొంగ పాట లేకపోతే మీరు కట్టవలసిన 21,000కు, కట్టిన 62,000కు మధ్య తేడా 41,000 రూపాయలను, వడ్డీని, ఖర్చులను అడగడమే మీకు మంచిది.

ఈ వారంలోనే వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్లు తెలపాలి, నెలలో పరిష్కరించాలి, కొన్నవారు రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామా ఇవ్వాలి. అమ్మకందారు ఖాతా, ఆ ఐడీ ఖాతా రెండింటి రిజిస్ట్రేషన్ వివరాలు, లాగిన్ చిరునామాలు, పాట చరిత్ర చెరిపేయకుండా ఉంచాలని అదే లేఖలో కోరండి. వాటిని మీ చేతికి ఇవ్వకపోవచ్చు, కానీ ఫిర్యాదు నడిచేటప్పుడు తెప్పించమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. పురావస్తువుల వ్యాపార లైసెన్సు ప్రతిని కూడా అమ్మకందారును అడగండి. ఉంటే ఆయన వ్యాపారి అని తేలుతుంది, వ్యాపారం చేస్తూ లైసెన్సు లేకపోతే ఆయనకే భయం పట్టుకుంటుంది. నెల గడిచినా జవాబు రాకపోతే ఆగకుండా హైదరాబాద్ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. అంతవరకు నాణేన్ని ఇక తోమకుండా కాగితపు కవరులో పెట్టి ఉంచండి.