ఆటల పీరియడ్ రోజునే కడుపునొప్పి

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. నిరుటి వరకు గెంతుతూ తిరిగేది. ఈ ఏడు ఆటల పీరియడ్ ఉన్న రోజునే కడుపునొప్పి అంటోంది. గుచ్చి అడిగితే, పొట్టి నిక్కరుతో అందరి ముందూ పరుగెత్తలేనని ఏడ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఎదిగిన పిల్లకు ఆటలెందుకు, మినహాయింపు అడగండి’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మినహాయింపు మాత్రం అడగకండి. దుస్తుల మార్పు అడగండి.

నేను 28 ఏళ్లు వ్యాయామం నేర్పాను. మొదట్లో లాంగ్ జంప్ అంటే క్లాసునంతా వరసలో నిలబెట్టి ఒక్కొక్కరినే పిలిచేదాన్ని. ఒకమ్మాయి రెండు చేతులూ గుండెలకు అడ్డంగా కట్టుకుని పరుగెత్తుకొచ్చేది, ఇసుక గుంట అంచున ఆగిపోయేది. ‘చేతులు ఊపు’ అని అరిచేదాన్ని. ఆ చేతులు ఎందుకలా ఉన్నాయో చాలా రోజులు ఆలోచించలేదు. అందుకు ఇప్పటికీ బాధపడతాను. తరువాత పిల్లలను నలుగురేసి జట్లు చేశాను. ఒకరు దూకితే ఒకరు టేపు పట్టాలి, ఒకరు కొలత రాయాలి, ఒకరు ఇసుక సర్దాలి. ఊరికే నిలబడి చూసేవాళ్లు లేకుండా పోయారు. పొడుగు ప్యాంటు, వదులు చొక్కా వేసుకోవచ్చన్నాను. మూడో వారానికి ఆ చేతులు విడివడ్డాయి.

ఒంటి కదలికలు పుట్టుకతో వచ్చేస్తాయని అనుకుంటాం. ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1934లో ఒక ప్రసంగంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి సంగతి చెప్పారు. ఇంగ్లిష్ సైనికులకు ఫ్రెంచ్ పారలతో తవ్వడం చేతకాలేదట. ఒక్కో డివిజనుకు, అంటే ఒక్కో పెద్ద సైనిక దళానికి, 8,000 పారలు మార్చవలసి వచ్చింది. పార పట్టడమే పెరిగిన చోటును బట్టి ఉంటే, పదేళ్లు ‘ఒద్దికగా నడువు, కాళ్లు దగ్గర పెట్టుకో’ అని పెంచిన పిల్ల ఒక్కసారిగా బంతిని బలంగా ఎలా విసురుతుంది? నేర్పితే విసురుతుంది. ముందు అడుగు, ఆపైన నడుము, చివర భుజం.

దుస్తుల నియమాలు మారతాయి. తల కప్పుకుని ఫుట్‌బాల్ ఆడడానికి ఆ ఆట ప్రపంచ సమాఖ్య ఫిఫా 2014లో ఒప్పుకుంది. 2021లో బికినీకి బదులు నిక్కర్లు వేసుకున్నందుకు నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. ఆ ఏడాదే నియమం సవరించారు. అంత పెద్ద పోటీల్లో కుదిరింది బడిలో కుదరదా?

టీచరును విడిగా కలవండి. అందరి ముందూ బరువు చదివే అలవాటుంటే అదీ మానమని చెప్పండి. కడుపునొప్పి నెలసరి వల్ల కాదు కదా, మెల్లగా కనుక్కోండి. నిజంగా నొప్పి ఉన్న రోజు విశ్రాంతి ఇవ్వాల్సిందే.

పెద్దవాళ్లకు ఒక్కటి చెప్పండి: ఎముకలు గట్టిపడేది ఈ వయసులోనే, అందుకు పరుగూ గెంతూ కావాలి. ఈ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈలోగా సాయంత్రాలు, ఎవరూ చూడని చోట, మీరూ ఆమెతో బంతి విసరండి. మొదట పది అడుగుల దూరం చాలు.