ఆల్చిప్పల తాళ్లు దించే ముందు

చిరంజీవికి, పెదనాన్న ఆశీస్సులు.

భీమిలి దగ్గర పచ్చ ఆల్చిప్పల సాగు మొదలుపెడుతున్నావనీ, ఆల్చిప్పలు పెరిగే తాళ్లను ఒకే తెప్పకు పట్టినన్ని వేలాడదీయాలనుకుంటున్నావనీ నీ ఉత్తరంలో చదివాను. తాళ్ల లెక్క తరువాత చూసుకోవచ్చు, ముందు నీటిని చూడు. ఆల్చిప్పకు మనం మేత వేయం. అది గంటకు లీటర్ల కొద్దీ నీటిని వడగట్టి, అందులోని కంటికి కనపడని నాచును తిని పెరుగుతుంది కనుక, నీటిలో మురుగు ఉంటే ఆ మురుగే దాని ఒంట్లో చేరుతుంది. హార్బరు వైపు, నగరపు మురుగు మోసుకొచ్చే గెడ్డలు, అంటే వాగులు, కలిసే చోట్ల తెప్ప కట్టే ఆలోచన పెట్టుకోకు. తీసిన సరుకును శుభ్రమైన సముద్రపు నీటిలో ఒక రోజు ఉంచితే మట్టి, క్రిములు చాలావరకు పోతాయి గాని, సీసం, కాడ్మియం వంటి లోహాలు పోవు.

గోస్తని నది సముద్రంలో కలిసే మొగ దగ్గర వానాకాలంలో నీటిలో ఉప్పు పలచబడుతుంది; రోజుల తరబడి అలాగే ఉంటే ఆల్చిప్పలు చచ్చిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన తీరాన్ని ఏం చేసిందో చూశావు కదా! కార్తీకం దాటి గాలులు తగ్గాకే తాళ్లు దించు. ఐదారు నెలలకు, వానలకు ముందే, పంట చేతికొస్తుంది.

సీడ్ కోసం, అంటే తాళ్లకు కట్టే పిల్ల ఆల్చిప్పల కోసం, ఏ బండనూ పూర్తిగా గీకవద్దు. గోరంత పిల్లలను మాత్రమే, చోటు మార్చి చోటు తీసుకో. పెద్దవాటిని ముట్టుకోకు, మరుసటి ఏటి సీడ్ వాటి నుంచే రావాలి. తాడుకు చుట్టడానికి పలుచని నూలు దోమతెర గుడ్డే వాడు. రెండు మూడు రోజుల్లో పిల్లలు సన్నని పీచు దారాలతో తాడును కరుచుకుంటాయి, గుడ్డ దానంతటదే చివికిపోతుంది. నైలాను గుడ్డ అయితే సముద్రంలో చెత్తగా మిగులుతుంది.

ఒక ఏడాది నేనూ ఆశకు పోయి మూరెడు ఎడంలో తాళ్లు కట్టాను. అంచు తాళ్లకు బాగానే కాసింది గాని, నడిమి తాళ్ల చిప్పలు తెరిచి చూస్తే మాంసం కాగితంలా పలచగా ఉంది, కింద మలం పేరుకుని బురద నల్లబడి కుళ్లు వాసన కొట్టింది. అందుచేత తాడుకూ తాడుకూ కనీసం ఒక మీటరు ఎడం వదులు, పాటు సమయంలో, అంటే సముద్రపు నీరు తగ్గినప్పుడు, కూడా తాడు కొస నేలకు తగలకుండా చూడు. వలలు వేసే మనవాళ్ల పడవలకు దారి విడిచిపెట్టు.

విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ప్రాంతీయ కేంద్రానికి వెళ్లి, నువ్వు ఎంచిన చోటు గురించి అడుగు. వారేమన్నారో నాకు రాయి, తెప్ప కట్టే రోజుకు నేనూ వస్తాను.