ఊరి పాత గుడికి గ్రాంటు అడగబోతున్న మేనల్లుడికి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. చెరువు కట్ట కింద ఉన్న శివాలయానికి ప్రభుత్వం నుంచి గ్రాంటు తెప్పించాలని, వీలైతే దాని వెనుక ఉన్న పాటిదిబ్బను, అంటే పూర్వపు ఊరు కూలి మిగిలిన మట్టిదిబ్బను కూడా తవ్వించి అందులో ఏముందో లోకానికి చూపించాలని, అందుకోసం ఒక సంఘం పెట్టి ఊరందరి చేత సంతకాలు చేయించి కలెక్టరు గారికి అర్జీ ఇవ్వబోతున్నామని వ్రాశావు. సంతోషమే. కాని దానితో పంపిన అర్జీ నకలు చదివాక నాకు కొంచెం బెంగ పట్టుకుంది. అందులో 50 లక్షల రూపాయలు కావాలని ఉన్నది గాని, ఆ గుడి కాగితాల ప్రకారం ఎవరిదో, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో, ఆ డబ్బుతో ఏ గోడను ఏమి చేయదలచుకున్నారో ఒక్క ముక్క కూడా లేదు. పంచాయతీరాజ్ ఇంజనీరింగు విభాగంలో ముప్పై ఏళ్లు అంచనాలు వేసి, రిటైరైన తరువాత రెండు మూడు పాత గుళ్ల పనులలో చేయి పెట్టినవాణ్ణి గనుక, ఈ విషయంలో నాకు తెలిసినది దాచకుండా చెబుతాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. పెన్న ఒడ్డున మా ఊరి గుడికి ఒక సంవత్సరం గ్రాంటు మంజూరైంది. ఉత్తర్వు చేతికి వచ్చేసరికి ఫిబ్రవరి మూడో వారం. మార్చి 31లోగా ఖర్చు చేయకపోతే డబ్బు వెనక్కు పోతుందన్నారు. నలభై రోజుల్లో అయ్యే పని ఏమిటని ఆలోచించి, మండపం నేలకు చీమకుర్తి గ్రానైటు పలకలు, గోడలకు సిమెంటు పూత, పైన ఎనామిల్ రంగు అని అంచనా వ్రాసినవాణ్ణి నేనే. ప్రారంభోత్సవం నాడు అందరూ అద్దంలా ఉందని మెచ్చుకున్నారు. చిన్నతనంలో ప్రదక్షిణం చేస్తూ నేను వేలితో తడిమిన శాసనపు పంక్తులు ఆ పలకల కింద, ఆ పూత వెనుక కప్పబడిపోయాయని ఆ రోజు నాతో సహా ఎవరికీ తోచలేదు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక గోడ పొంగి, పూతతో పాటు రాయి కూడా పొరలు పొరలుగా లేచింది. ఆ తరువాత ఎప్పుడో, బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు 1905లో ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు తిరగవేస్తుంటే మా గుడి శాసనం కనిపించింది. ఇప్పుడది ఆ పుస్తకంలో ఉన్నది, గుడిలో లేదు. అందుచేత గ్రాంటు రాకపోవడం కన్నా సిద్ధం కాకముందే గ్రాంటు రావడం ఎక్కువ ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి అర్జీని ప్రస్తుతానికి పక్కన పెట్టు. మొదట గ్రామ సచివాలయానికి వెళ్లి ఆ స్థలం సర్వే నంబరు కనుక్కొని, స్థలం హద్దులు, కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటం నకలు, ఎవరి సాగులో ఉన్నదో చెప్పే అడంగలు, సర్వే నంబర్ల పాత రిజిస్టరైన డైగ్లాటులో ఆ నంబరు ఎదుట ఏమి వ్రాసి ఉన్నదో ఆ పేజీ నకలు తెచ్చుకో. గ్రామకంఠమా, పోరంబోకా, దేవుడి మాన్యమా, ఎవరి పట్టాలోనైనా ఉన్నదా అన్నది అక్కడ తేలుతుంది. గుడి ఒక నంబరులోను, పాటిదిబ్బ మరొక నంబరులోను ఉండడం తరచుగా జరిగేదే. అప్పుడు రెండింటికీ దారులు వేరు. పాత కాగితాలు వెదికేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనివే, ఆ జిల్లాకు ప్రకాశం పేరు 1972లో వచ్చింది. అందుచేత ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్న ఊరైనా, దాని పాత వివరం నెల్లూరు పేరుతో ఉన్న సంపుటాలలో దొరకవచ్చు. మీ ఊరిది కూడా ముందు అక్కడే చూడు.

స్థలం సంగతి తేలాక, కట్టడం ఎవరి రక్షణలో ఉన్నదో అడగాలి. కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో ఉంటే 1958 నాటి కేంద్ర చట్టం, రాష్ట్ర పురావస్తు శాఖ జాబితాలో ఉంటే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, పూజలు జరుగుతూ దేవాదాయ శాఖ రికార్డులో ఉంటే 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తాయి. నోటిమాటగా చెప్పేవారు చాలామంది ఉంటారు. నీవు మాత్రం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి, 30 రోజుల గడువులో వచ్చే వ్రాతపూర్వకమైన జవాబునే ఆధారంగా పెట్టుకో. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడమైతే మీ సంఘం అక్కడ ఒక బుట్టెడు సున్నం కూడా సొంతంగా వేయరాదు. 2010 సవరణ ప్రకారం దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతి తీసుకుని మాత్రమే కట్టుకోవలసిన ప్రాంతం. అటువంటి కట్టడానికి ఊరివారు, విదేశాలలో ఉన్న మనవాళ్లు డబ్బు ఇవ్వదలిస్తే 1996లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక నిధి ఉన్నది. ఫలానా కట్టడానికే వాడాలని దాత కోరవచ్చు, ఆదాయపు పన్నులో నూరు శాతం మినహాయింపు కూడా వస్తుంది.

మీ గుడి చాలావరకు దేవాదాయ శాఖ కిందికే వస్తుందని నా అంచనా. అప్పుడు మీరు చూడవలసినది ఆ చట్టం 70వ సెక్షన్ కింద ఉన్న సర్వశ్రేయోనిధి. పెద్ద ఆలయాలు తమ ఆదాయంలోంచి చెల్లించే భాగంతో నడిచే ఆ నిధిని మనవారందరూ సీజీఎఫ్ అనే అంటారు. దానికి భక్తుల వాటా కట్టవలసి ఉంటుంది గనుక, ఎంత కట్టాలో సహాయ కమిషనరు కార్యాలయంలో తాజా ఉత్తర్వు చూసి తెలుసుకుని, ఆ మొత్తం చేతిలో ఉన్నాకే కదలండి. తిరుమలలో భక్తులు పదేసి వేలు విరాళమిచ్చే శ్రీవాణి ట్రస్టు నుంచి కూడా జీర్ణాలయాలకు సాయం అందుతున్నది. ఇవన్నీ గుడిని పూజాస్థలంగా చూసే నిధులే తప్ప చరిత్రగా చూసేవి కావు. పాతది తీసి కొత్తది కడతామంటే వాటికి పెద్దగా అభ్యంతరం ఉండదు, అడ్డుపడవలసినది మీరే. పార్లమెంటు సభ్యుడి నిధుల కోసం తిరగవద్దు, ప్రార్థనా స్థలాల లోపలి పనులకు ఆ నియమాలు ఒప్పుకోవు. కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియం గ్రాంటు పథకం ఒకటి ఉన్నది గాని, నాలుగు విగ్రహాలున్న ఊరికి అది ఇప్పట్లో పనికిరాదు.

ఇక కొలతలు, ఫొటోలు. ఇది డబ్బు లేకుండా జరిగే పని, అన్నిటికన్నా ముఖ్యమైన పని. గర్భగుడి, మండపం, ఆ రెంటి నడుమ ఉండే అంతరాళం పటం గీసి కొలతలు వేయండి. ప్రతి స్తంభాన్ని నాలుగు వైపుల నుంచి, ప్రతి విగ్రహాన్ని ముందు నుంచి, వెనుక నుంచి, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయండి. బయట పొలం గట్టున పడి ఉన్న వీరగల్లును, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయిని, వదలవద్దు. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధక్షేత్రం ఉన్నది కదా, అక్కడి మ్యూజియం నుంచి దొంగిలించిన ఒక సున్నపురాతి ఫలకం చేతులు మారి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. 2005లో వారు దానిని డబ్బిచ్చి కొన్నారు. అది చందవరంలో ఉన్నప్పుడు తీసిన ఫొటో బయటపడింది గనుకనే 2016లో తిరిగి మన దేశానికి వచ్చింది. ఆ ఒక్క ఫొటో లేకపోతే ఇది మాది అని మనం ఎంత అరిచినా వినేవారు లేరు. గుప్తనిధులంటూ నంది కింద తవ్వేవాళ్లు మన మెట్ట ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో నీకు నేను చెప్పనక్కరలేదు.

శాసనం మీద సుద్దముక్కతో దిద్దవద్దు, రంగు పూయవద్దు, సున్నం వదిలించడానికి ఇనుప బ్రష్ పెట్టవద్దు. పొద్దున్నే గాని, సాయంత్రం గాని వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు వాటంతట అవే లేస్తాయి. తడి కాగితం పరచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయడం నేర్చినవారు చేయవలసిన పని. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉన్నది, ఫొటోలు జతచేసి వారికి జాబు వ్రాయండి. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజులు లాక్కునే పద్ధతి మానుకుంటున్నానని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటానని కాకతీయ రాజు గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయం 1244లో మోటుపల్లి స్తంభం మీద చెక్కించబట్టి మనకు తెలిసింది. ఆ స్తంభానికి నాలాంటి ఇంజనీరు ఒకడు సిమెంటు పూయించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

అంచనా వ్రాసేటప్పుడు “నిర్మాణం” అనే మాట రాకుండా చూసుకో. ఏ భాగంలో ఏమి దెబ్బతిన్నది, దానికి ఏ మందు, ఎన్ని చదరపు మీటర్లు అని గదివారీగా వ్రాయండి. నీళ్లు కారే పైకప్పు మొదటి పని, చుట్టూ వాన నీరు పోయే కాలువ రెండవది. ఈ రెండూ జరిగితే మిగిలినవి పదేళ్లు ఆగినా గుడికి ముప్పు ఉండదు. కప్పు మీద మొలిచిన రావిమొక్కను లాగవద్దు, వేళ్లతో పాటు రాళ్లు కదులుతాయి. కోసి, వేరును మెల్లగా చంపాలి. పూతకు గానుగ సున్నమే వాడాలని, కరక్కాయ, బెల్లపు నీళ్లు కలపాలని అంచనాలోనే వ్రాసి, ఆ పని తెలిసిన మేస్త్రీ కూలి రేటు కూడా విడిగా చూపండి. లేకపోతే టెండరు తగ్గించి వేసినవాడు సిమెంటు బస్తాలతో దిగుతాడు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లమెల్లగా రాయి అవుతుంది, దానిని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్, మే ఎండలకు పూత తడి ఆరి నెర్రెలు పడుతుంది. కనుక జనవరి మొదలుకొని మార్చి నడుమ దాకా పని జరిగేటట్టు, దానికి తగ్గట్టు మంజూరు ముందు సంవత్సరం జూన్, జూలైలోనే అడిగేటట్టు చూసుకోండి. నలభై రోజుల గండం మళ్లీ రాకూడదు.

రాళ్లు ఊడదీయవలసి వస్తే ముందు అర్చకులను, ఆలయ శిల్పం తెలిసిన దేవాదాయ శాఖ స్థపతిని కూర్చోబెట్టి మాట్లాడు. మూలవిరాట్టును కదిలించనవసరం లేకుండా కళాకర్షణ చేసి, అంటే దేవుడి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక గుడిలో పూజలు సాగించే పద్ధతి ఆగమంలోనే ఉన్నది. ఊడదీసే ప్రతి రాయికీ పటంలో ఒక నంబరు, రాయి మీద కనబడని వైపున అదే నంబరు ఉండాలి.

పాటిదిబ్బ జోలికి మాత్రం పోవద్దు. తవ్వకానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, దానిని విశ్వవిద్యాలయాల వంటి అర్హత గల సంస్థలకే ఇస్తారు. ఊరి సంఘానికి గ్రాంటూ రాదు, అనుమతీ రాదు. మీరు చేయగలిగినది ఒకటే: పొలాలకు ఎరువుగా పాటిమట్టి తోలుకుపోవడం ఆపించడం. ట్రాక్టర్లు వచ్చాక ఎన్ని దిబ్బలు చదునైపోయాయో నా కళ్లతో చూశాను. పంచాయతీ తీర్మానం చేయించి, దాని నకలు తహశీల్దారుకు, పురావస్తు శాఖకు పంపండి. వానకు కొట్టుకొచ్చిన నాణెమో, పూసలో ఎవరికైనా దొరికితే ఇంట్లో పెట్టుకోవద్దని చెప్పు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతున్నది. పది రూపాయలు అప్పట్లో ఎంతో, ఇప్పుడు ఎంతో అని నవ్వుకోవచ్చు గాని, చట్టం ఇంకా అమలులోనే ఉన్నది.

సంఘం మాటకొస్తే, 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించి, పాన్ కార్డు, స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం ఇచ్చే దర్పణ్ నంబరు తీసుకోండి. కేంద్ర పథకాలకు సాధారణంగా మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు గనుక, ఈ ఏడాది పెట్టిన సంఘం పేరుతో ఈ ఏడాదే కేంద్ర గ్రాంటు ఆశించడం పొరపాటు. గ్రాంటుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఖాతాలో డబ్బు ఉన్నన్నాళ్లు పడే వడ్డీ మీది కాదు, కేంద్ర గ్రాంటు అయితే దానిని ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా పంపాలి. అది పోకపోతే తరువాతి విడత రాదు. బిల్లులు, కూలీల హాజరు మస్టరు, పనికి ముందు, నడుమ, తరువాత తీసిన ఫొటోలు ఒకే ఫైలులో ఉంచు. కోశాధికారిగా మొహమాటం లేనివాణ్ణి పెట్టుకో. మీ పెదనాన్న మంచివాడే గాని, ఎవరడిగినా కాదనలేడు.

వచ్చే ఆదివారం నేనే వస్తాను. ఎఫ్.ఎం.బి. నకలు ఆలోగా తెప్పించి ఉంచు. ముప్పై మీటర్ల టేపు నా దగ్గర ఉన్నది, నిచ్చెన మాత్రం అక్కడే చూడాలి. కప్పు మీదికి పొద్దున ఏడింటికల్లా ఎక్కితే ఎండ ముదరకముందే కొలతలు పూర్తవుతాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య