ఒక్క వయొలిన్‌తో గంటన్నర: శ్రుతిపెట్టె ఆన్ చేసి చీవాట్లు తిన్నవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కర్ణాటక సంగీతం వినే అలవాటు తప్ప మీకు వేరే పరిచయం లేదు. బరోక్ కాలపు (యూరప్‌లో సుమారు 1600 నుంచి 1750 దాకా) సంగీతాన్ని, ఈ కాలపు సంగీతాన్ని కలిపి ఒకే ఒక్క వయొలిన్‌తో చేసే కచేరీకి ఎవరో టికెట్ ఇచ్చారు. మృదంగం లేదు, పియానో కూడా లేదు. అంతసేపు కూర్చోగలనా, ఏం పట్టుకుని వినాలి అని అడిగారు.

కూర్చోగలరు. మొదటి పది నిమిషాలే కాస్త ఇబ్బంది. ఆ ఇబ్బంది నేను నలుగురి ముందు పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

మాది పర్లాకిమిడి. మా మేనకోడలు చెన్నైలో పాశ్చాత్య వయొలిన్ నేర్చుకునేది. ఒక దసరా సెలవులకి వస్తూ, పరీక్షకి తయారు చేసుకున్నవన్నీ ఒకసారి జనం ముందు వాయించుకోవాలని ఫోన్ చేసింది. నేను ఊళ్లో ఒక చిన్న కల్యాణ మండపం మాట్లాడాను. పలాసలో రైలు దిగి, వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని వచ్చింది. నలభై మంది దాకా పోగయ్యారు. సగం తెలుగువాళ్లు, సగం ఒడియావాళ్లు, పాతపట్నం నుంచి నా స్నేహితులు ఇద్దరు. ముందు వరసలో మా మాస్టారు. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నవారు. 1919లో పెట్టిన ఆ కళాశాలకి 1936 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని మధ్యలో కూర్చోబెట్టి సోలో కచేరీలు చేసిన మనిషి. అందుకని 'సోలో వయొలిన్' అంటే మాస్టారికి వింతేమీ లేదు. 'మృదంగం ఎవరు?' అని మాత్రం అడిగారు. ఎవరూ లేరన్నాను. 'పోనీ శ్రుతి?' అన్నారు. అదీ లేదన్నాను. కండువా సర్దుకుని ఊరుకున్నారు.

పిల్ల శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టగానే ఆయన నా చెవిలో, 'మూడో తీగ ఒక మెట్టు ఎక్కువైంది, చెప్పు' అన్నారు. ఎక్కువవలేదు. మనం నాలుగు తీగలూ స ప స ప అని చేసుకుంటాం. వాళ్లు ప్రతి తీగనీ కింది తీగకి పంచమంలో పెడతారు. అడుగు తీగని షడ్జమం అనుకుంటే వాళ్లవి స ప రి ద అవుతాయి. మూడో తీగ దగ్గర మాస్టారి చెవి షడ్జమం కోసం చూస్తే చతుశ్రుతి రిషభం తగిలింది. మీకూ మొదట తగిలే రాయి ఇదే, కంగారు పడకండి.

మొదటి అంశం బీబర్ అనే పాతకాలపు వయొలిన్ విద్వాంసుడు రాసిన పాసకాలియా, అంటే అడుగున ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ తిరిగే రచన. 1676 ప్రాంతాల నాటిది. నాలుగు స్వరాలు ఒట్టిగా, మెల్లగా కిందికి దిగుతాయి. మన లెక్కలో స ని ద ప, కైశికి నిషాదం, శుద్ధ ధైవతం. పిల్ల మొదటి స్వరం పలికించింది. నాకేమో మరీ బోసిగా అనిపించింది. శ్రుతి యాప్ పెట్టుకోవడం మరిచిపోయి టెన్షన్ పడుతోందేమో అనుకుని, ఫోన్‌లో శ్రుతిపెట్టె తీసి ఐదు శ్రుతికి పెట్టి ఆన్ చేశాను. సాయం చేస్తున్నానన్న గర్వం కూడా ఉంది నాలో. ఆమె రెండో స్వరం దగ్గర కమాను గాల్లోనే ఆపి, 'మావయ్యా, దయచేసి అది ఆపవా?' అంది. నలభై మందీ నావైపు తిరిగారు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది: 'అక్కడ నేల కదలాలి మావయ్యా. నువ్వు మేకు కొట్టేశావు.' మీ ప్రశ్నకి నా దగ్గరున్న అసలు జవాబు ఆ ఒక్క మాటే. మన సంగీతంలో షడ్జమం కదలదు, రాగమంతా దాని మీద తిరుగుతుంది. వీళ్లకి అడుగు స్వరమే నడుస్తుంది, పైన పలికే ప్రతి స్వరానికీ అర్థం ఆ అడుగుని బట్టి మారుతుంది. పియానో ఉంటే ఆ అడుగు పియానో వేస్తుంది. ఇక్కడ అదీ వయొలినే వెయ్యాలి, పైపాటా వయొలినే పాడాలి. బీబర్ ఆ నాలుగు స్వరాల వరసని 65 సార్లు తిప్పాడు. పైన ఎన్ని సంగతులు పడుతున్నా మీరు కింద స ని ద ప పట్టుకుని కూర్చోండి. కాసేపు అది వినబడకుండా పోతుంది కూడా, అయినా మీ చెవి తనంతట తానే పూరించుకుంటుంది. నాకు పదో పన్నెండో ఆవర్తం దగ్గర పట్టు దొరికింది.

తర్వాత జర్మన్ స్వరకర్త బాఖ్. ఒంటి వయొలిన్ కోసం ఆరు కృతులు రాసి, 1720 అని వేసి స్వహస్తంతో సాపు ప్రతి తయారు చేశాడు. అచ్చయింది మాత్రం ఆయన పోయిన చాలా ఏళ్లకి, 1802లో. మా పిల్ల వాటిలో రెండో పార్టీటా (నాట్య గతుల మాలిక) వాయించింది. అందులో మొదటి నాలుగూ నాట్య గతులు, హాయిగా సాగిపోతాయి. ఐదోది షాకోన్, పాసకాలియా లాగే ఒకే చుట్టు మళ్లీ మళ్లీ తిరిగేది. అదొక్కటే పావుగంట దాకా పడుతుంది.

ఇక్కడ చూడటానికి కూడా ఉంది, అందుకే దగ్గరగా కూర్చోమంటాను. వయొలిన్ గుర్రం (తీగల్ని మోసే చిన్న చెక్క) పైన వంపుగా ఉంటుంది కదా, నాలుగు తీగల మీదా ఒకేసారి కమాను ఆనదు. బాఖ్ నాలుగేసి స్వరాలు కలిపి రాశాడు. అందుకని కింది రెండు తీగలూ మీటినట్టుగా తాకి, మణికట్టు తిప్పి పై రెండు తీగల మీదికి కమాను ఒరిగిస్తారు. కింది స్వరం నిజానికి అప్పటికే ఆగిపోయి ఉంటుంది, మనకి మాత్రం ఇంకా మోగుతున్నట్టే ఉంటుంది. ఆమె కుడి మోచెయ్యి పడవ తెడ్డులా లేవడం, దిగడం చూస్తుంటే ఏ గొంతు ఏ తీగ మీద ఉందో తెలిసిపోతుంది. బరోక్ అంశాలకి వేరే కమాను తెచ్చుకుంది. పాత నమూనాది, తేలిక, కర్ర బయటికి వంగి ఉంటుంది. ఇప్పటి కమాను కర్ర లోపలికి వంగుతుంది.

మాస్టారు షాకోన్‌కి తొడ మీద తాళం వెయ్యబోయి రెండుసార్లు తప్పారు. మూడు దెబ్బల లెక్క, కానీ పాట ఎత్తుకునేది రెండో దెబ్బ మీద. మూడోసారికి ఆయన మొహం వెలిగింది. 'అనాగత గ్రహంరా!' అన్నారు, కాస్త గట్టిగానే. అలాంటివి నాలుగు కలిపి 12 దెబ్బలు ఒక చుట్టు. ఆ చుట్టు మీదే కృతి మొత్తం కట్టి ఉంది. సగం దాటాక ఒకచోట అదే షడ్జమం మీద నటభైరవి లాంటిది వదిలి శంకరాభరణం లాంటిదానిలోకి వస్తుంది. గాంధారం మారగానే తెలుస్తుంది. మండపంలో ఎవరో కిటికీ తీశారా అనిపించింది నాకు. మళ్లీ వెనక్కి వెళ్లిపోతుంది.

భార్య పోయిన దుఃఖంలో బాఖ్ దీన్ని రాశాడని ఇంటర్నెట్‌లో చాలా చోట్ల చదువుతారు. ఆమె 1720లోనే పోయిన మాట నిజం, కానీ షాకోన్ అందుకే రాశాడనడానికి ఆధారం లేదు. ఆ కథ మనసులో పెట్టుకుని వింటే ఆ మధ్య వెలుగు ఏడుపులా వినబడుతుంది, నాకైతే అది నష్టమే.

టీ తర్వాత బెల్జియం వయొలిన్ విద్వాంసుడు ఇజాయి ఒంటి వయొలిన్ కోసం రాసిన రెండో సొనాటా (కొన్ని భాగాలున్న రచన) మొదటి భాగం. 1923 నాటిది, బాఖ్ మూడో పార్టీటా మొదటి మాటల్నే ఎత్తుకుని మొదలవుతుంది. అక్కడక్కడా ఆగి, విసురుగా వేరేదేదో అందుకుని, మళ్లీ బాఖ్‌కే వస్తుంది. మా పక్కింటాయన పాపం, 'అమ్మాయి మరిచిపోయి మళ్లీ మొదలుపెడుతోంది' అని నొచ్చుకున్నాడు.

చివర ఇటలీ స్వరకర్త బెరియో రాసిన ఎనిమిదో సెక్వెంజా, 1976 నాటిది. ఒంటి వాద్యాల కోసం ఆయన వరసగా రాసిన కృతుల పేరే సెక్వెంజా. మీరు భయపడుతున్నది ఇలాంటిదాని గురించే అనుకుంటాను. మొదట్లో బాగుండదు, ఒప్పుకుంటాను. పక్కపక్కనే ఉండే రెండు స్వరాల్ని ఒకదానికొకటి ఒరిపిడి పెట్టి గీరుతున్నట్టు ఉంటుంది. ముందు వరసలో ఒక చంటిపిల్ల చెవులు మూసుకుంది. కానీ బెరియో దీన్ని బాఖ్ షాకోన్‌కి నివాళిగా రాశాడు. ఆ రెండు స్వరాలే కృతి పొడుగునా దారి చూపే గుర్తులు, ఎంత దూరం పోయినా వాటి దగ్గరికి వస్తూనే ఉంటుంది. బీబర్ నాలుగు స్వరాలు, బాఖ్ 12 దెబ్బలు అప్పటికే చెవిలో ఉన్నాయి కాబట్టి నాకు పట్టు దొరికింది. దీన్నే మొదట వాయించి ఉంటే లేచి బయటికి వచ్చేవాణ్ణి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టడం ఫ్యాషన్ కోసమేనేమో అని నాకు ముందు అనుమానం ఉండేది.

మీరు చెయ్యాల్సినవి పెద్దగా లేవు. ప్రోగ్రాం కాగితం దొరికితే అందులో పాసకాలియా, షాకోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అడుగు స్వరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరు. వాయించేవాళ్లు కమాను పూర్తిగా దించేదాకా ఆగండి. మన వాళ్లలా 'ఆహా' అనేస్తే ఏమవుతుందంటారా? మాస్టారు అననే అన్నారు, పిల్ల నవ్వింది, స్వరం తప్పలేదు.

ఆ రాత్రి మాస్టారు ఆమె వయొలిన్ అడిగి తీసుకున్నారు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వయొలిన్ తల పాదం మీద ఆనించి, శ్రుతి మార్చకుండానే ఆ స ని ద ప నాలుగూ వాయించారు. రెండోసారి దిగేటప్పుడు నిషాదం మీద ఆయనకి తెలియకుండానే గమకం పడింది. 'తాతగారూ, ఊపకూడదు' అంది పిల్ల. 'ఊపకపోతే ఎలాగమ్మా' అని ఆయన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.